సజ్జా కింద ఎండ

విశ్వవిద్యాలయం వెనుక వైపు కొత్త వర్క్‌షాపు కడుతున్న స్థలంలో రోజూ పని టీతోనే మొదలయ్యేది. టీ పిన్ని స్టవ్వునూ గిన్నెలనూ మోసుకొచ్చి, రెండో అంతస్తు నీడ ఎక్కడ పడుతున్నదో చూసుకుని, అక్కడ బెంచీ వేసేది. రెండో అంతస్తు ఇంకా కట్టలేదు. కింది అంతస్తుకు కప్పు పడి, దాని మీద గోడలు నడుము ఎత్తు వరకే లేచాయి. కాని ఆ నేల స్వభావం అటువంటిది. అక్కడ ఉండబోయేదానికి మాత్రమే నీడ పడేది. ప్లాను మీద సంతకాలు పూర్తయిన నాటి నుంచీ భవనం నీడ, మెట్ల గది కప్పుతో సహా, నేల మీద పరుచుకుని ఉండేది. పని ముగియగానే తీసివేసే ఇనుప జాకీలకూ, సెంట్రింగు రేకులకూ, కాంక్రీటు కలిపే యంత్రానికీ మాత్రం ఎంత ఎండలోనైనా నీడ ఉండేది కాదు. కొన్ని బావుల్లో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎందుకని ఎవరూ అడగరు. ఇదీ అంతే.

నిర్మాణ ఇంజనీరింగు సాంకేతిక విద్య అభ్యసించేవారికి ఆ స్థలమే తరగతి గది. మొదటి సంవత్సరం పిల్లలు టేపులు పట్టుకుని నీడ అంచులు కొలిచి, ప్లానుతో సరిచూసేవారు. కొలత కలవకపోతే తప్పు టేపు పట్టినవాడిదని వారి ఆచార్యుడు తీర్పు చెప్పేవాడు. ఆయన నిలబడితే ఆయనను చూసి గోడ నిటారును సరిచేసుకోవచ్చునని విద్యార్థులు ఆయనకు లంబం మాస్టారు అని పేరు పెట్టారు. ఆయన దేనికీ ఆనుకుని నిలబడగా చూసినవారు లేరు.

మనుషుల నీడల విషయంలోనూ ఆ నేల తన పద్ధతి తప్పేది కాదు. ఎవరికైనా అక్కడినుంచి వెళ్లిపోయే గడియ దగ్గరపడితే నీడ ముందుగా వెళ్లిపోయేది. అంతకుముందున్న సూపర్‌వైజరుకు ఆ కబురు అందించినది టీ పిన్నే.

“అయ్యా, మీ నీడ కనబడటం లేదు. సామాను సర్దుకోండి,” అంది గ్లాసు అందిస్తూ.

“ఎండ సరిగా లేదులే.”

“కుక్కకి ఉందిగా. దానిది పర్మినెంటు ఉద్యోగం మరి.”

ఆ వారంలోనే ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

చివరి సంవత్సరం విద్యార్థుల్లో ఒక అమ్మాయి ఉండేది. పనివాళ్లు ఆమెను చిన్న ఇంజనీరు అని పిలిచేవారు. ఆ పేరు మొదట పెట్టినది ఆమె తండ్రే. ఆయన అక్కడే సెంట్రింగు మేస్త్రి. కాంక్రీటు గట్టిపడేదాకా దానిని మోసే రేకులనూ, వాటి కింది జాకీలనూ నిలబెట్టడం, తరువాత విప్పడం ఆయన పని. ‘మా చిన్న ఇంజనీరు’ అని ఆయన గర్వంగా అంటే, మిగిలినవారు అదే మాటను కొంచెం సాగదీసి అనేవారు. ఆమెకు రెండూ ఇష్టంగానే ఉండేవి.

చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థికీ భవనంలో ఒక భాగం అప్పగించేవారు. అది సరిగా నిలిస్తేనే చదువు పూర్తయినట్టు. ఆమెకు ముఖద్వారం మీది సజ్జా వచ్చింది. మామూలు కప్పులాగా దానికి నాలుగు వైపులా ఆధారం ఉండదు. ఒక్క గోడనే పట్టుకుని మనిషి నిలువు పొడవున గాలిలోకి చాచుకుని నిలబడాలి. చెయ్యి చాచి నిండు బిందె పట్టుకుంటే భుజం పైభాగం లాగుతుంది. సజ్జాకూ లాగుడు పైనే. అందువల్ల దానిలో ఇనుప చువ్వలు కాంక్రీటు పైభాగాన ఉండాలి. వాటిని అంత ఎత్తున నిలిపి ఉంచడానికి కింద వంచిన చువ్వ ముక్కలు పెడతారు. వాటికి కుర్చీలని పేరు. కుర్చీలు చువ్వను మోయగలవు గాని మనిషిని మోయలేవు. కాబట్టి కాంక్రీటు పోసేటప్పుడు నడవడానికి చెక్క పలకలు అడ్డంగా వేయాలి. ‘పలక లేకుండా చువ్వ మీద పాదం పడకూడదు’ అని లంబం మాస్టారు తరగతిలో చెప్పినప్పుడు ఆమె తలెత్తి వినలేదు. అది ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే.

కాంక్రీటు పోసిన రోజున పలకలను భవనం వెనుక పనికి పట్టుకుపోయారు. ఆమె కబురు పంపింది. ఈలోగా మొదటి తట్టలు వచ్చాయి. ఎండ తీవ్రంగా ఉంది.

“అమ్మా, మాలు గట్టిపడిపోతోంది. పొయ్యమంటారా, పారబొయ్యమంటారా?” అని కూలీల పెద్ద పైనుంచి అడిగాడు.

పలకల కోసం వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆమె ఒకసారి వెనుక దారి వైపు చూసింది.

“పక్కల నుంచి మెల్లగా నడవండి,” అంది.

మెల్లగా నడవడానికి వారి నెత్తుల మీద బరువు ఒప్పుకోలేదు. వారి పాదాల కింద కుర్చీలు ఒక్కొక్కటే పక్కకు ఒరగడం ఆమె చూసింది. ఏ చప్పుడూ కాలేదు. “ఆ రాడ్లు పైకి లాగండి,” అని ఒకడితో చెప్పింది. అతడు కొక్కెంతో లాగాడు. అతడి వెనుక వచ్చినవాడు మళ్లీ తొక్కాడు. ఆ తరువాత బూడిద రంగు మాలు అంతటినీ కప్పివేసింది. తాపీ తిప్పి నున్నగా చేశాక ఆ సజ్జా ఎంతో ముచ్చటగా ఉంది.

సాయంత్రం లంబం మాస్టారు నిచ్చెన ఎక్కి చూశాడు.

“నున్నగా వచ్చింది. పలకలు వేశారు గదా?”

“వేశాం సార్.”

ఆ మాట ఆమె నోట ఆలోచన కంటే ముందే వచ్చింది. ఆయన తలపంకించి దిగిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఆమె తండ్రి భోజనం చేసి, తువ్వాలు దులుపుకుని, ఎప్పటిలాగే ముఖద్వారం ముందు పడుకోబోయాడు. సజ్జా కట్టకముందు నుంచీ ఆయన రోజూ ఆ సజ్జా నీడలోనే ఒక కునుకు తీసేవాడు. ఆ రోజు అక్కడ ఎండ ఉంది. తల మీద జానెడు మందాన కాంక్రీటు పరుచుకుని ఉన్నా, ఎండ సూటిగా గుమ్మం మీద పడుతున్నది.

“ఇదేం చోద్యమమ్మా. కప్పు లేనప్పుడు నీడ ఉంది, కప్పు వేశాక ఎండొచ్చింది,” అన్నాడు మేస్త్రి.

“ప్లాను మార్చుంటారు,” అంది టీ పిన్ని బెంచీ మీద నుంచే. “అప్పుడు మరుగుదొడ్డి గోడ జరిపినప్పుడూ ఇంతేగా. తెల్లారేసరికి నీడ అవతలికి పోయింది. నా స్టవ్వు ఎండలో పడింది. నాకెవరైనా ముందు చెప్పారా?”

పనివాళ్లు నవ్వుకున్నారు. పైవాళ్లకు వేసింది తీయించడం, తీసింది వేయించడం అలవాటేనని ఒకడన్నాడు. ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లి గోడకు అంటించిన ప్లాను చూసింది. సజ్జా ఉన్నచోటనే ఉంది. ఒక గీత కూడా మారలేదు. బయటికి వచ్చేసరికి తండ్రి ఆమె ముఖం వైపు చూస్తున్నాడు.

“మారుస్తున్నారట నాన్నా,” అంది.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల గది నీడలోకి వెళ్లి పడుకున్నాడు. క్షణంలో గురక పెట్టాడు. ఆమె సజ్జా కిందికి వెళ్లి అరచెయ్యి చాచింది. చెయ్యి చురుక్కుమంది. మెడ మీద ఎండ వేలు పెట్టినట్టు ఆనింది. తలెత్తి చూస్తే కాంక్రీటు అడుగున సెంట్రింగు రేకులు, వాటిని మోస్తున్న జాకీలు. నీడ లేని వస్తువుల మీద నీడ లేని వస్తువు నిలబడి ఉంది.

ఆ తరువాత గడిచిన రోజులన్నీ ఒకే విధంగా గడిచాయి. ఉదయం, సాయంత్రం సజ్జాను నీళ్లతో తడిపేవారు. అంచుల నుంచి జారే బొట్లు ఎండలో మెరుస్తూ పడేవి; కప్పు కింద పడే బొట్లూ అలాగే మెరిసేవి. అటు పోకూడదని ఆమె అనుకునేది, పోయేది. తరగతిలో లంబం మాస్టారు కూలిన కట్టడాల పాఠం మొదలుపెట్టాడు.

“కూలే ముందు కొన్ని చెబుతాయి. పగుళ్లు చూపిస్తాయి, వంగుతాయి. మనకు తప్పుకునే వ్యవధి ఇస్తాయి. చువ్వలు అడుగుకు జారిన సజ్జా ఏమీ చెప్పదు. జాకీలు ఉన్నంతసేపూ అది కప్పు. జాకీలు తీశాక అది బరువు.”

ఆయన చూపు ఎవరి మీదా ఆగలేదు. అయినా ఆమె పెన్ను పాళీ కాగితాన్ని చీల్చుకుని కింది పుట దాకా దిగింది.

చెప్పవచ్చు. చెబితే ఆ ఏడాది చదువు పోతుంది; అబద్ధమాడినందుకు ఆ పైన ఏమవుతుందో తెలియదు. ప్రతి పనిచోటా తన కూతురి గురించి చెప్పుకునే తండ్రి ఇక ఎవరి ముందు తలెత్తుతాడు? అదీగాక, చువ్వలు పూర్తిగా జారాయని ఎవరు చూశారు? కొక్కెంతో లాగారు గదా. నిజంగానే ప్లాను మారుతుందేమో. భయం మనిషికి ఎప్పుడూ గౌరవప్రదమైన కారణాలనే అందిస్తుంది. ఆమె వాటిని ఒకటి విడిచి ఒకటి పట్టుకుంటూ వచ్చింది.

కాంక్రీటు బలం పరీక్ష ఫలితం వచ్చింది. అదే మాలుతో పోసి పక్కన పెట్టిన దిమ్మలను యంత్రంలో నొక్కి చూశారు. అనుకున్నదానికంటే ఎక్కువ బరువే మోశాయి. సజ్జాలో చువ్వ ఎక్కడ ఉన్నదీ ఆ దిమ్మలకు తెలియదు. సెంట్రింగు విప్పవచ్చునని లంబం మాస్టారు సంతకం చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రి కంచం ముందు కూర్చుని సుత్తి తుడుస్తున్నాడు.

“రేపు నీ సజ్జా విప్పుతున్నాం,” అన్నాడు.

“ఎవరు విప్పుతారు?”

“ఎవరేంటమ్మా, నేనే. నువ్వు వేయించిన కప్పు కిందికి ఇంకొకణ్ణి పంపుతానా? కొస నుంచి మొదలెట్టి గోడ వైపుకి రావాలి. తొందరపడకూడదు. మీ పుస్తకంలోనూ అంతేనా?”

“అంతే నాన్నా.”

“చూశావటే, నేనూ పుస్తకమూ ఒక్క మాట మీదున్నాం,” అన్నాడు భార్యతో.

“పుస్తకం నయం. కంచం ముందు సుత్తి తుడవదు,” అంది తల్లి. “ముందు దీని వాలకం చూడండి. మెతుకులు లెక్కపెడుతోంది. ఏమే, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందమ్మా.” ఆమె నీళ్లు తాగింది. “నాన్నా, ఆ సజ్జాకి నీడ రావడం లేదు గదా...”

“ప్లాను మారుస్తున్నారని నువ్వే అన్నావుగా. విప్పించి పడగొట్టిస్తారు కాబోలు. మనకేం. కట్టమంటే కడతాం, విప్పమంటే విప్పుతాం.”

‘నువ్వే అన్నావుగా’ అన్న మాట విని ఆమె కంచంలోకి తల వంచుకుంది. తండ్రి సుత్తిని పక్కన పెట్టి, కంచం ముందుకు లాక్కుని, తృప్తిగా తిన్నాడు. సజ్జా విరిగే ముందు బీటలు వారుతుంది, ఆయనకు తెలిసిపోతుంది, పక్కకు తప్పుకుంటాడని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఏమీ చెప్పకుండా కూలేవాటి గురించి మాస్టారు చెప్పిన మాట వెంటనే గుర్తుకు వచ్చింది.

మరునాడు ఉదయం ఎండ బాగా కాసింది. ఆమె వచ్చేసరికి తండ్రి, ఆయన సహాయకుడు బెంచీ దగ్గర నిలబడి టీ తాగుతున్నారు. టీ పిన్ని గరిట పట్టుకుని మేస్త్రి కాళ్ల వైపు చూస్తున్నది.

“ఏం మేస్త్రీ, వేరేచోట పని దొరికిందా? మాట మాత్రమైనా చెప్పలేదు.”

“పనా? ఏం పని?”

“కిందికి చూసుకో.”

ఆయన చూసుకున్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి అటూ ఇటూ ఆడించి చూశాడు. నేల మీద ఏమీ కదల్లేదు.

“అవునే. నాకు తెలియకుండానే నన్ను పంపించేస్తున్నారు,” అని నవ్వాడు. “మంచి చోటికే అయ్యుంటుందిలే.”

“వెళ్లేముందు మా టీ బాగుందని నలుగురికీ చెప్పు,” అంది పిన్ని.

ఆమె చూసింది. టీ పిన్ని నీడ పొడుగ్గా పడి ఉంది. సహాయకుడి నీడ బెంచీ దాటి పోయింది. కుక్క తన నీడ మీదనే పడుకుని ఉంది. తండ్రి కాళ్ల చుట్టూ ఎండ మాత్రమే ఉంది. చెప్పుల అంచు కింద కూడా చీకటి గీత లేదు. తండ్రి గ్లాసు కడిగి బోర్లించి, రెంచీ అందుకుని, సహాయకుణ్ణి దూరంగా నిలబడమని చెప్పి, సజ్జా కిందికి నడిచాడు. ఎండలో నుంచి ఎండలోకే నడిచాడు. కొస దగ్గరి జాకీ ముందు గొంతుక్కూర్చుని, దాని మర మీద చెయ్యి వేశాడు.

తను ఎప్పుడు పరుగెత్తిందో ఆమెకు తెలియదు. ఆయన చేతి మీద తన రెండు చేతులూ వేసి జాకీని బిగపట్టుకుని ఉంది.

“విప్పొద్దు నాన్నా.”

“ఏమైందమ్మా?”

“పలకలు వెయ్యలేదు. ఆ రోజు... నేనే నడవమన్నాను. రాడ్లన్నీ తొక్కేశారు. కిందికి దిగిపోయాయి. మాస్టారు అడిగితే వేశామన్నాను. ప్లాను ఏమీ మారలేదు.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తిట్టలేదు. రెంచీ తిప్పి జాకీని ఇంకొక చుట్టు బిగించాడు. పక్కదాన్ని కూడా బిగించాడు.

“ముందు నువ్వు బయటికి రా,” అన్నాడు.

ఆమె ఆయన కాళ్ల వైపే చూస్తూ వెనక్కి నడిచింది. సజ్జా అంచు దాటగానే ఆయన మడమల దగ్గర మసకగా ఒక మరక కనిపించింది. తడి నేలలో నీరు ఊరినట్టు అది ఊరి, పాకి, నల్లబడి, నిలువెత్తు మనిషి నీడ అయింది. “ఎక్కడికీ పోవడం లేదన్నమాట,” అంది టీ పిన్ని, మరో గ్లాసు కడుగుతూ.

లంబం మాస్టారు వచ్చాడు. ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. గోడ దగ్గర సజ్జా పైభాగాన్ని ఉలితో తొలిపించాడు. చువ్వ ఉండవలసిన లోతులో చువ్వ లేదు. ఇంకా తొలిచారు. ఉలి దాదాపు అడుగుకు చేరాక ఇనుముకు తగిలి ఖంగుమంది. ఆయన నిచ్చెన మీద నుంచి వంగి ఆ రంధ్రంలోకి చూశాడు.

“నువ్వు ఆపినప్పుడు కింద ఎవరున్నారు?”

“మేస్త్రి.”

“మేస్త్రి అంటే...”

“మా నాన్న సార్.”

ఆయన నిచ్చెన దిగి, ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాడు. విద్యార్థులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“జాకీలు ఉండగానే పైనుంచి పడగొట్టండి. మళ్లీ పోద్దాం,” అన్నాడు. తరువాత ఆమెతో, “ఇక్కడి పని అయ్యాక పిలుస్తాను. నా గదికి రా,” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

మొదటి సమ్మెట దెబ్బ పడింది. ఆ దెబ్బతోటే ముఖద్వారం ముందు నీడ పరుచుకుంది. రాబోయే సజ్జాది, ప్లానులో గీసినంత పొడవున, గీసినంత వెడల్పున.

“చూశారా, మళ్లీ మార్చారు ప్లాను,” అంది టీ పిన్ని. “ఈ పైవాళ్లకి ఒక మాట మీద నిలకడ లేదు.”

ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, ఎందుకో తన కాళ్ల వైపు చూసుకుంది. అక్కడ ఎండ ఉంది. ఒక అడుగు పక్కకు వేసింది. ఎండే ఉంది. తల తిప్పితే టీ పిన్ని ఇటే చూస్తున్నది. స్టవ్వు మంట తగ్గించి గిన్నె మీద మూత పెట్టింది.

తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమన్నారమ్మా?”

“పిలుస్తారట నాన్నా. గదికి రమ్మన్నారు.”

ఆయన చూపు కిందికి దిగి, ఆమె పాదాల దగ్గర ఆగింది. ఆ నేల సంగతి ఆయనకు చెప్పవలసిన పని లేదు.

“ఎక్కడికో,” అన్నాడు మెల్లగా.

“తెలియదు నాన్నా. భయమేస్తోంది.”

పైన సమ్మెట దెబ్బలు పడుతున్నాయి. ఆయన ఆమెను దాటి, ఎండ వచ్చే వైపుకు వెళ్లి నిలబడ్డాడు. ఆయన నీడ ఆమె పాదాలను కప్పి, మోకాళ్ల దాకా ఎక్కింది. ఆచార్యుడు పిలిచేదాకా ఆయన అక్కడినుంచి కదలలేదు; ఎండ జరిగినప్పుడల్లా దానితోపాటు కొద్దిగా జరిగాడు, అంతే.